సారా దుకాణం నుంచి వైన్ షాపు దాకా: ఉత్తరాంధ్ర రచనల్లో బయటి తిండి, తాగుడు, స్త్రీ స్థానం

సారాంశం:

ఇంటి వెలుపల తినే, తాగే చోట్లు కులమతాల కట్టుబాట్లను సడలిస్తాయన్న అభిప్రాయం సాహిత్య విమర్శలో తరచుగా వినిపిస్తుంది. ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఉత్తరాంధ్ర జీవితాన్ని చిత్రించిన మూడు రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకం, రాచకొండ విశ్వనాథశాస్త్రి 'ఆరు సారా కథలు', వెంకటేశ్ మహా దర్శకత్వంలో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' చలనచిత్రం ఇందుకు ఆకరాలు. ఈ మూడింటిలోనూ బయటి తిండికీ తాగుడుకీ స్త్రీ అవసరమే. ఆమె వడ్డిస్తుంది, అమ్ముతుంది, కొంటుంది. పురుషుడిలా అక్కడ తీరికగా కూర్చునే అవకాశం మాత్రం ఆమెకు దక్కదు. 'కేరాఫ్ కంచరపాలెం'లోని వైన్ షాపు ఈ పరంపరలో ఎక్కడ ముందడుగు వేసిందో, ఎక్కడ ఆగిపోయిందో నిర్ణయించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: పూటకూళ్ళ ఇల్లు, సారా దుకాణం, వైన్ షాపు, కంచరపాలెం, మద్యనిషేధం, స్త్రీ, బహిరంగ స్థలం.

1. ఉపోద్ఘాతం:

విశాఖపట్నం రైల్వేస్టేషనుకు దగ్గరలో, పారిశ్రామికవాడ, పాలిటెక్నిక్ కళాశాల ఉన్న శ్రామిక ప్రాంతం కంచరపాలెం. ఈ ప్రాంతాన్నే కథాస్థలంగా, అక్కడి మనుషులనే అత్యధిక సంఖ్యలో నటులుగా తీసుకొని నిర్మించిన చిత్రం 'కేరాఫ్ కంచరపాలెం'. పరుచూరి విజయ ప్రవీణ నిర్మించిన ఈ చిత్రం 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. ఇందులో నాలుగు ప్రేమకథలు సమాంతరంగా నడుస్తాయి. బడికి వెళ్ళే సుందరం, యువకుడైన జోసెఫ్, వైన్ షాపులో పనిచేసే గడ్డం, నలభై తొమ్మిదేళ్ళు వచ్చినా పెళ్ళికాని అటెండరు రాజు వేర్వేరు వ్యక్తులుగా కనిపించి, చివరికి ఒకే మనిషి జీవితంలోని నాలుగు దశలుగా తేలతారు.

మతం, కులం, వయస్సు, వైధవ్యం వంటి అడ్డుగోడలను ప్రేమ దాటడం ఈ చిత్ర ఇతివృత్తంగా గుర్తింపు పొందింది. ఆ గుర్తింపు సరైనదే. అయితే ఈ నాలుగు కథలూ ఎక్కడెక్కడ మొదలవుతాయన్న ప్రశ్న వేసుకుంటే మరొక విషయం బయటపడుతుంది. సుందరం ప్రేమ బడిలో, రాజు ప్రేమ ప్రభుత్వ కార్యాలయంలో చిగురిస్తాయి. గడ్డం ప్రేమ వైన్ షాపు కౌంటరు దగ్గర మొదలవుతుంది. బడి, కార్యాలయం స్త్రీపురుషులు కలిసి కూర్చోవడానికి సమాజం అంగీకరించిన చోట్లు. మద్యం దుకాణం అలాంటిది కాదు. అందువల్ల నాలుగు కథల్లోనూ స్థలంతో ఎక్కువ పేచీ ఉన్నది గడ్డం కథకే.

బయటి తిండి, తాగుడు కనిపించే రచనను నాలుగు ప్రశ్నలతో పరిశీలించవచ్చు. ఎవరు కూర్చుంటారు? ఎవరు నిలబడతారు? ఎవరు వడ్డిస్తారు? ఎవరు డబ్బు చెల్లిస్తారు? ఈ నాలుగింటినీ ఆధారం చేసుకొని గడ్డం కథను దాని పూర్వరంగంతో కలిపి చదవడం ఈ వ్యాసం అనుసరించిన పద్ధతి.

2. పూటకూళ్ళ ఇల్లు - వడ్డించే స్త్రీ:

డబ్బిచ్చి బయట తినడం తెలుగువారికి కొత్తది కాదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన 'క్రీడాభిరామం' ఓరుగల్లు నగరంలో ఒక రూకకు దొరికే పూటకూళ్ళ భోజనాన్ని వంటకాల పేర్లతో సహా వర్ణించింది. ఊరు కాని ఊరు వచ్చినవాడికి ఇంటి భోజనాన్ని వెలకు అందించే ఏర్పాటు అది. పెట్టేవారి కులం తెలిసి ఉండటం, తినేవాడికి మైల భయం లేకపోవడం ఈ ఏర్పాటుకు పునాది. కాబట్టి పూటకూళ్ళ ఇల్లు బయటి తిండిని అందించినా ఇంటి నియమాలను వదులుకోలేదు.

గురజాడ ఈ వ్యవస్థను విజయనగరం నేపథ్యంలో చూపించాడు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృతమైన రెండవ కూర్పుగా వెలువడిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మకు సొంత పేరు లేదు. ఆమె చేసే పనే ఆమె పేరు. భర్త లేని స్త్రీకి గౌరవంగా బతకడానికి మిగిలిన కొద్దిపాటి దారుల్లో వంట ఒకటి. ఆమె వండి వడ్డిస్తుంది. గిరీశం తిని, ఆమె సొమ్మును మధురవాణికి ఖర్చు పెడతాడు. మోసం తెలుసుకున్న పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొని మధురవాణి ఇంటికి వస్తుంది. గిరీశం, రామప్పంతులు మంచం కిందికి దూరతారు.

ఈ రంగం నవ్వు పుట్టించడానికే పరిమితం కాదు. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ ఇందులో తలకిందులవుతాయి. వడ్డించిన స్త్రీయే డబ్బు కూడా చెల్లించింది. కూర్చొని తిన్న పురుషుడు చెల్లించలేదు. ఆమె చేతిలోని చీపురు ఇంటిపనికి గుర్తు. ఆ పనిముట్టే ఆమెకు ఆయుధమైంది. బయటి తిండి వెనుక స్త్రీ శ్రమ ఉందనీ, ఆ శ్రమకు లెక్క తేలలేదనీ ఆధునిక తెలుగు సాహిత్యం తన తొలిరోజుల్లోనే గమనించింది.

3. సారా దుకాణం - కలుసుకునే పురుషులు:

'కన్యాశుల్కం'లోనే సారా దుకాణం రంగం ఉంది. బైరాగి, శైవుడైన వీరేశ, వైష్ణవుడైన మనవాళ్ళయ్య, హవల్దారు అక్కడ చేరతారు. తాగుతారు, తత్త్వం మాట్లాడతారు, శివకేశవుల విషయంలో తగవులాడతారు. అగ్రహారంలో ఒక పంక్తిన కూర్చోని మనుషులు దుకాణంలో ఒక చోట కూర్చుంటారు. పూటకూళ్ళ ఇంట్లో పాటించే భేదం సారా దుకాణంలో చెల్లదు. ఈ అర్థంలో సారా దుకాణం కట్టుబాట్లను సడలించిన మాట నిజం.

కాని సడలింపు పురుషులకే. ఈ గోష్ఠిలో స్త్రీ లేదు. నాటకంలో పురుషుల కాలక్షేపంలోకి చొరవగా వచ్చి, వారితో పేకాట ఆడి, మాటకు మాట చెప్పగలిగిన స్త్రీ మధురవాణి ఒక్కతే. ఆమెకు ఆ అవకాశం వేశ్య కావడం వల్ల వచ్చింది. గృహిణికి మర్యాద ఉంది, చోటు లేదు. వేశ్యకు చోటు ఉంది, మర్యాద లేదు. గురజాడ గుర్తించిన ఈ సూత్రం నూరేళ్ళకు పైగా గడిచిన తరువాత కంచరపాలెం కథలో మళ్ళీ కనిపిస్తుంది.

4. సారా కథలు - అమ్మే స్త్రీ:

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993) తాగుడును కోర్టు వైపు నుంచి చూశాడు. 1937 నాటి మద్రాసు మద్యనిషేధ చట్టం దశలవారీగా తెలుగు జిల్లాలకు విస్తరించింది. నిషేధం వచ్చాక సారా కాపు ఆగలేదు. చాటుగా కాచేవారు, అమ్మేవారు, మామూళ్ళు పుచ్చుకునేవారు, కేసులు పెట్టేవారు, వాదించేవారు కలిసి ఒక వ్యాపారమయ్యారు. 1960ల తొలినాళ్ళలో వెలువడిన 'ఆరు సారా కథలు'కు ఈ వ్యాపారమే వస్తువు.

వీటిలో 'మాయ' కథ ఈ పరిశీలనకు ముఖ్యమైనది. సారా కేసులో ముద్దాయి ముత్యాలమ్మ. చట్టం మీద, న్యాయం మీద నమ్మకం ఇంకా చెడని యువ న్యాయవాదికి ఆమె లోకం తీరును తన భాషలో విప్పి చెబుతుంది. పోలీసు, వకీలు, కోర్టు అన్నీ డబ్బు చుట్టూ ఎలా తిరుగుతాయో ఆమెకు తెలిసినంతగా చదువుకున్నవాడికి తెలియదు. పూటకూళ్ళమ్మ చేతిలో చీపురు ఉంటే ముత్యాలమ్మకు మాట ఉంది.

రావిశాస్త్రి కథల్లో సారాను దానికదే పాపంగానో, వినోదంగానో చూపించడం కనిపించదు. అది రాజ్యానికీ పేదవాడికీ మధ్య నడిచే లావాదేవీ. ఈ లావాదేవీలో స్త్రీ అమ్మకందారు. లాభం పైకి పోతుంది, శిక్ష ఆమె మీద పడుతుంది. ముత్యాలమ్మ కథను వైన్ షాపు పక్కన పెట్టి చూస్తే, మద్యం అమ్మే చోటును చట్టం నుంచి విడదీసి చిత్రించడం వల్ల ఏమి కోల్పోతామో అర్థమవుతుంది.

5. రేవు పట్నం - హోటలు - 'ఫ్యామిలీ' అనే మాట:

ముత్యాలమ్మ నాటి పట్నం క్రమంగా పారిశ్రామిక నగరమైంది. విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టింది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం పెద్ద ఉద్యమం నడిచింది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో ఆ కర్మాగారం జాతికి అంకితమైంది. ఈ పనుల కోసం పల్లెలు విడిచి ఒంటరిగా వచ్చిన మగవారికి వంటిల్లు లేదు. షిఫ్టు వేళలకు ఇంటి భోజనం వేళ కుదరదు. మెస్సు, టీ బడ్డీ, టిఫిన్ బండి, పరోటా కొట్టు, మిలటరీ హోటలు ఈ అవసరంలోంచి పెరిగే చోట్లు. వీటికి ప్రధాన గిరాకీ వంటిల్లు లేని మగవాడు.

ఈ చోట్ల పేర్లలోనే సామాజిక చరిత్ర ఉంది. బ్రాహ్మణ భోజన హోటలు అన్న బోర్డు వంటవాడి కులాన్ని ప్రకటించేది. మిలటరీ హోటలు అంటే మాంసం దొరికే చోటు అని అర్థం. పల్లెల్లోని టీ హోటళ్ళలో దళితులకు వేరు గ్లాసు పెట్టిన అవమానాన్ని దళిత సాహిత్యం నమోదు చేసింది. కాబట్టి హోటలు వచ్చినంత మాత్రాన భేదం పోయిందనడం తొందరపాటు అవుతుంది. భేదం కొన్నిచోట్ల పంక్తిని వదిలి గ్లాసులోకి మారింది.

తరువాతి కాలపు బోర్డులపై కనిపించే 'ఫ్యామిలీ రెస్టారెంట్' అన్న మాటను కూడా ఇదే వరుసలో చదవాలి. 'ఫ్యామిలీ' అన్న మాట స్త్రీలు రావచ్చునని సూచిస్తుంది. కుటుంబంతో వస్తేనే రావాలన్న షరతు కూడా అందులోనే ఉంది. ఆ మాట లేని చోటు మగవారిదని చెప్పకనే చెబుతుంది. 'బార్ అండ్ రెస్టారెంట్'కూ 'ఫ్యామిలీ రెస్టారెంట్'కూ ఉన్న తేడా వంటకాల్లో కన్నా కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న దానిలో ఎక్కువ.

వైన్ షాపు వీటన్నిటికీ అట్టడుగున ఉంటుంది. పేరుకు వైన్ షాపు అయినా అక్కడ జనం అడిగేది ఎక్కువగా బ్రాందీ, విస్కీ, బీరు. బారులో కూర్చునే ఖర్చు భరించలేనివాడు క్వార్టరు సీసా కొని తాగిపోయే చోటు అది. అక్కడ పురుషుడికి సైతం కూర్చునే హక్కు నిలకడగా లేదు. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే చిల్లర దుకాణాలు నడిపినప్పుడు, దుకాణాన్ని ఆనుకొని ఉండే పర్మిట్ రూములు తొలగిపోయాయి. 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటు చేతుల్లోకి వచ్చాయి. పేదవాడు ఎక్కడ కూర్చొని తాగాలన్నది ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. పేద స్త్రీ ఎక్కడ కూర్చోవాలన్నది ఏ విధానంలోనూ ప్రశ్నగా ముందుకు రాలేదు.

6. కంచరపాలెం వైన్ షాపు - కొనే స్త్రీ:

ఈ నేపథ్యంలో గడ్డం కథను చూడాలి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, రోజూ మద్యం కొనడానికి వచ్చే సలీమాను ప్రేమిస్తాడు. ముసుగు వేసుకొని వచ్చే ఆమెలో అతనికి కనిపించేవి కళ్ళు మాత్రమే. ఆమె వేశ్యావృత్తిలో ఉన్నదని తెలిసిన తరువాత కూడా అతని ప్రేమ మారదు. సలీమా మరణంతో ఆ బంధం ముగుస్తుంది.

ఈ కథలోని కొత్తదనాన్ని ముందుగా గుర్తించాలి. పూటకూళ్ళమ్మ వడ్డించింది, ముత్యాలమ్మ అమ్మింది. సలీమా కొంటుంది. కౌంటరుకు ఇవతల స్త్రీ, అవతల పురుషుడు. డబ్బు ఆమెది, అందించే పని అతనిది. నాలుగు ప్రశ్నల్లో రెండింటికి జవాబు మారింది. చెల్లించేది ఆమె, వడ్డించేవాడు అతను. వెలయాలిగా లోకం లెక్కగట్టే స్త్రీ ఇక్కడ కొనుగోలుదారుగా ప్రవేశించడం, ఆమెను మొదట ఆ హోదాలోనే పురుషుడు చూడటం ఈ కథకు బలం. తాగే స్త్రీని హాస్యానికో, పతనానికి గుర్తుగానో వాడుకునే వ్యాపార సినిమా అలవాటుకు ఈ చిత్రణ దూరంగా ఉంది. గడ్డం ఆమెను ఎందుకు కొంటున్నావని నిలదీసే స్థానంలో లేడు. అతను దుకాణం నౌకరు. ఆ నౌకరీయే అతనికి వినయాన్ని నేర్పింది.

అయితే మిగిలిన రెండు ప్రశ్నలు అలాగే ఉన్నాయి. ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు? దుకాణానికి సలీమా రావడం కొనడానికి, కొని వెళ్ళిపోవడానికి. ఆ పరిచయం మాటలుగా, ప్రేమగా ఎదిగే చోట్లు దుకాణం వెలుపలివి. కౌంటరు వారిద్దరినీ కలిపిన చోటు, అదే సమయంలో ఇద్దరినీ వేరుచేసే అడ్డం కూడా.

ముసుగు విషయంలోనూ ఇలాంటి ద్వంద్వం ఉంది. అది ఆమె మతానికి గుర్తుగా కనిపిస్తుంది. మద్యం దుకాణం ముందు నిలబడే స్త్రీకి అది రక్షణగా కూడా పనికొస్తుంది. ఎవరని గుర్తుపట్టకపోతేనే ఆమె ఆ చోటికి రాగలదు. గడ్డం కళ్ళను చూసి ప్రేమించడాన్ని కవితాత్మకంగా చదవవచ్చు. కాని కళ్ళు తప్ప మరేదీ చూపకుండా రావలసిన పరిస్థితి ఆమెదని గమనించకపోతే ఆ పఠనం అసంపూర్ణమవుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. వైన్ షాపుకు రోజూ వచ్చే స్త్రీగా చిత్రం ఎవరిని ఊహించగలిగింది? వేశ్యను. అదే చిత్రంలో రాధ ఒడిశా నుంచి వచ్చిన అధికారిణి, భర్తను కోల్పోయిన స్త్రీ, ఎదిగిన కుమార్తెకు తల్లి. ఆమె ప్రేమ కార్యాలయంలో పుట్టి పెళ్ళి దాకా సాగుతుంది. గౌరవనీయమైన స్త్రీకి గౌరవనీయమైన చోటు, వెలివాడ స్త్రీకి వెలివేసిన చోటు అన్న పంపకం చిత్రంలో చెక్కుచెదరలేదు. మధురవాణి నాటి సూత్రం ఇక్కడా పనిచేసింది. గురజాడ మధురవాణికి నాటకం మొత్తాన్ని నడిపే తెలివిని ఇచ్చి ఆ సూత్రాన్ని లోపలి నుంచి ఛేదించాడు. సలీమాకు ఆ వ్యవధి దొరకలేదు. ఆమె మరణం నాయకుని జీవితంలో ఒక దశను ముగించడానికి ఉపయోగపడింది. నాలుగు దశలూ ఒకే పురుషుడివి కావడం వల్ల, నలుగురు స్త్రీలూ అతని జ్ఞాపకంలోని మజిలీలుగా మిగిలే ప్రమాదం కథానిర్మాణంలోనే ఉంది.

7. చరిత్ర లేని దుకాణం:

నలుగురూ ఒక్కరేనన్న ముగింపు కోసం చిత్రం కాలసూచనలను దాచవలసి వచ్చింది. నాలుగు కథలూ ఒకే కాలంలో నడుస్తున్నట్లు ప్రేక్షకుడు నమ్మితేనే ఆ ముగింపు ఫలిస్తుంది. కథనపరంగా ఇది సమర్థనీయమే. కాని దీని మూల్యం ఎక్కువగా వైన్ షాపు కథ మీద పడింది.

రాజు వయస్సు నలభై తొమ్మిదిని 2018కి చెందినదిగా తీసుకుంటే, గడ్డంగా అతను గడిపిన ముప్పయ్యవ పడి సుమారుగా 2000 సంవత్సరానికి అటూ ఇటూ అవుతుంది. అంతకు ముందు దశాబ్దం ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి సంబంధించి అత్యంత కీలకమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని ఎదిరించారు. అక్షరాస్యతా కార్యక్రమపు వాచకంలోని 'సీతమ్మ కథ' ఆ కదలికకు ప్రేరణల్లో ఒకటి. చదువు నేర్చుకుంటున్న స్త్రీలు పాఠంలో తమ ఇంటి కథను గుర్తుపట్టారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలింది. గడ్డం పనిచేసే దుకాణం ఆ సడలింపు తరువాత నిలిచిన దుకాణం కావాలి.

అంటే తెలుగునాట స్త్రీలు మద్యం దుకాణం ముందుకు సామూహికంగా వచ్చిన సందర్భం ఒకటి అప్పటికే చరిత్రలో ఉంది. వారు కొనడానికి రాలేదు, మూయించడానికి వచ్చారు. వారిలో అనేకులు తాగి వచ్చిన భర్తల చేతిలో దెబ్బలు తిన్నవారు, కూలి డబ్బు సారాకు పోగొట్టుకున్నవారు. కాలసూచన లేని దుకాణంలో ఈ జ్ఞాపకానికి చోటు దొరకలేదు. దుకాణం ఒక మంచి మనిషి పనిచేసే చోటుగా కనిపిస్తుంది. అక్కడ అమ్ముడుపోయిన సీసా ఏ ఇంటికి చేరి ఏమి చేసిందో కథకు అవసరం కాలేదు. రావిశాస్త్రి కథల్లో సారా వెంట పోలీసు, కోర్టు నడిచి వచ్చేవి. ఇక్కడ మద్యం వెంట ప్రేమ మాత్రమే నడిచి వచ్చింది.

దుకాణాన్ని మూయించిన స్త్రీ, దుకాణంలో కొన్న స్త్రీ పరస్పరం శత్రువులు కారు. ఇంట్లో మగవాడి తాగుడు వల్ల నలిగిన స్త్రీకీ, మగవారి బజారులో నలిగి తానే తాగే స్త్రీకీ మధ్య సంబంధాన్ని చూపగలిగిన రచన ఇంకా రావలసి ఉంది. 'కేరాఫ్ కంచరపాలెం' రెండవ స్త్రీని చూడగలిగింది. మొదటి స్త్రీని చూసి ఉంటే సలీమా కథ ఇంకా లోతుగా అర్థమయ్యేది.

8. ఉపసంహారం:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఉత్తరాంధ్ర రచనల్లో బయటి తిండి, తాగుడు చోట్లు కులమత భేదాలను కొంతమేరకు సడలించాయి. ఆ సడలింపు ప్రధానంగా పురుషుల మధ్య జరిగింది.

2. పూటకూళ్ళమ్మ వడ్డించడం, ముత్యాలమ్మ అమ్మడం, సలీమా కొనడం ఒక క్రమ పరిణామాన్ని సూచిస్తాయి. మూడు సందర్భాల్లోనూ ఆ చోటు నడవడానికి స్త్రీ శ్రమో, స్త్రీ సొమ్మో ఆధారం. అక్కడ తీరికగా కూర్చునే హక్కు ఆమెకు రాలేదు.

3. పురుషుల కాలక్షేపపు చోట్లలోకి వచ్చే స్త్రీని వేశ్యగానే ఊహించడం మధురవాణి నుంచి సలీమా దాకా కొనసాగింది. మధురవాణికి దక్కిన కర్తృత్వం సలీమాకు దక్కలేదు.

4. తాగే స్త్రీని తీర్పు లేకుండా చూపించడం 'కేరాఫ్ కంచరపాలెం' సాధించిన విలువైన ముందడుగు. కాలాన్ని దాచే కథనం వల్ల సారా వ్యతిరేక ఉద్యమ చరిత్ర కనుమరుగు కావడం దాని పరిమితి.

నగరంలో బయట తినడం, తాగడం నేడు సాధారణ విషయమైంది. ఈ అంశంపై పరిశోధన చేసేవారు ఏ వంటకం ఎక్కడ దొరికిందన్న దానితో పాటు, ఆ చోట ఎవరి కోసం కుర్చీ వేశారన్నదీ పరిశీలించాలి. కంచరపాలెం వైన్ షాపు ముందు నిలబడిన సలీమా తెలుగు విమర్శ ముందు ఉంచిన ప్రశ్న అదే.